చౌరస్తాలో కట్టిన ముఖం

మా వైపు జనానికి ఫ్లెక్సీ అంటే ఉన్నంత భయభక్తులు దేవుడంటే లేవు. నాస్తికురాలిని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోవద్దు, చూసి అంటున్నాను. దేవుడి పటం పాతబడితే, అద్దం పగిలితే, ఏ చెట్టు మొదట్లోనో ఆనించి చేతులు దులుపుకొని వచ్చేస్తారు. నాయకుడి ముఖం ఉన్న ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయినా, గాలికి ఒక చెవి ఊడి వేలాడుతున్నా ఎవరూ ముట్టుకోరు. దాన్ని కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విప్పడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు. మా ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉండే తల్లీకొడుకుల బతుకు ఆ నియమానికి తగులుకునే చిరిగింది.

నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. శంషాబాద్ దాటాక, విమానాశ్రయం గోడకు ఇవతల, ఒకప్పటి జొన్న చేలల్లో లేచిన కాలనీలో పై పోర్షన్‌లో ఉంటాను. కింద ఉండే ఆమె సాయంత్రం పూట రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. వాళ్ల చేను ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. చేను అమ్మాక మొగుడు తాగి పోయాడు. కొడుకు మిగిలాడు.

ఆ కొడుకు ఇంటర్ మధ్యలో మానేసి 'అన్న' దగ్గర చేరాడు. మా దగ్గర ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. తగాదాలో ఉన్న జాగా ఎక్కడుంటే అక్కడ తెల్లారేసరికి సిమెంటు పలకల గోడ నిలబెట్టి, రేకుల షెడ్డు వేసి, అందులో కుర్రాళ్లను కూర్చోబెట్టడం అన్న వ్యాపారం. కుర్రాళ్లకు ఒక క్యారమ్ బోర్డు, మధ్యాహ్నం బిర్యానీ, ఇన్ని క్రికెట్ బ్యాట్లు. బంతి మాత్రం ఉండదు. అవతలి పార్టీ వస్తే లేచి నిలబడాలి. చాలాసార్లు నిలబడితే సరిపోతుంది. సరిపోని రోజున, పైన విమానం దిగే హోరులో కింద ఎవడి చేయి విరిగిందో రోడ్డు మీదికి వినబడదు.

తన కొడుకు ఎవరి చేయీ విరగ్గొట్టలేదని తల్లి అంటుంది. అది నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అతని మీద కేసు లేదని. వినాయక చవితి ముందు ఠాణాకు పిలిచి, వరసగా నిలబెట్టి, ఫొటోలు తీసి, బుద్ధిగా ఉండమని కసిరి పంపే కుర్రాళ్లలో ఒకసారి అతనూ నిలబడ్డాడు. అంతవరకే.

అలాంటి వరసల్లోంచి కొందరిని ఏరి, ముఠాల వైపు పోకుండా మళ్లించే పథకమొకటి సర్కారు సొమ్ముతో మొదలైంది. నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ. అప్పుడప్పుడు వచ్చి పిల్లలతో మాట్లాడమని నన్ను అడిగారు. ఒప్పుకున్నాను. ఆ సంగతి తెలిసిన రోజే మా కాలనీ సంఘం అధ్యక్షుడు మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"మేడం, మా పోరడు బుద్ధిగ చదువుకుంటున్నడు. ఆనికి సర్కారు ఏమిచ్చింది? బ్యాటు వట్టుకోని తిరిగేటోనికి కోర్సులా? గిదేం న్యాయం?"

"మీ వాడికి పుట్టినప్పటి నుంచి మీరు చేసిన ఖర్చే కోర్సు. కింది కుర్రాడికి అది లేదు."

"గట్లయితే రేపటి సంది మావోనికి గూడ ఒక బ్యాటు కొనిస్త."

"కొనివ్వండి. వాడు క్రికెట్టే ఆడుకుంటాడు. కింది కుర్రాడికీ మీవాడికీ తేడా అదే."

ఆయన నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. రౌడీకి పెట్టే ఖర్చు దండగ అని నమ్మేవాళ్లతో నేను చాలా వేదికల మీద వాదించాను. ఆ వాదన చివరికి ఎప్పుడూ ఒకే చోటికి వస్తుంది: చెడిపోయినవాడు ముందు సిగ్గుపడాలి, ఆ తరువాతే వాడికి అన్నం. జైలు కట్టడానికి లేని అభ్యంతరం బడి కట్టడానికి ఎందుకో వాళ్లలో ఎవరూ చెప్పలేదు.

పథకంలో ఒక పని నిజంగా జరిగింది. దాన్ని ఒప్పుకోకపోతే నేను అబద్ధమాడినట్టు. కుర్రాళ్లకు ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్పారు. సరుకుల పేర్పులను కింది నుంచి ఎత్తి పైఅరల్లో పెట్టే బండి అది. మా వాడికి, అంటే కింది కుర్రాడికి, అది బాగా అబ్బింది. ఒకరోజు మెట్ల మీద నిలబడి చేతులతో చూపించాడు, గాజు సామాను పెట్టెను ఎత్తేటప్పుడు బండిని ఎంత నెమ్మదిగా వంచాలో. "మేడం, తల్లి పిల్లను ఊయల్ల ఏస్తది సూడు, గట్ల ఏయాలె" అన్నాడు. కొన్నాళ్లకే షాద్‌నగర్ వైపు ఒక పెద్ద గోడౌన్‌లో తీసుకున్నారు. మొదట తాత్కాలికం, పనిచూసి పక్కా చేస్తామన్నారు. కంపెనీ బస్సు మా చౌరస్తాలోనే ఎక్కించుకునేది. పక్కా అయితే పీఎఫ్, దవాఖాన ఖర్చు అన్నీ వస్తాయని తల్లి రొట్టెలు కొనే ప్రతివాళ్లకూ చెప్పింది. కొడుకు షెడ్డు వైపు పోవడం మానేశాడు. అన్న మనుషులు పిలిస్తే "డ్యూటీ ఉన్నది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో వచ్చిన బింకం నేను విన్నాను. సర్కారు సొమ్ముతో కొనగలిగిన అన్నింటిలోకీ విలువైనది అదేనని నాకు అనిపించింది.

అంతటితో ఆగితే మనం మనమెందుకవుతాం.

పథకం పూర్తయిన సందర్భంగా అభినందన సభ పెట్టారు. అన్న ఫంక్షన్ హాల్లో, అన్నే ముఖ్య అతిథిగా. సభ ముందురోజు సంస్థ కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తుడు. మాట తిన్నగా ఉంటుంది, కుర్చీ లాగి కూర్చోబెడతాడు.

"ఈ పిల్లల్ని ఎవరి దగ్గర్నుంచి తప్పించారో ఆయన చేతనే శాలువాలు కప్పిస్తారా?"

"ఆయన స్థానికంగా పెద్దమనిషండీ. హాలు ఉచితంగా ఇచ్చారు."

"ఫ్లెక్సీ మీద పిల్లల ముఖాలు ఎందుకు?"

"ప్రజాధనం కదండీ మేడం గారూ. కనబడాలి. రేపు పైనుంచి తనిఖీకి వస్తే ఏం చూపిస్తామండీ? ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన చేతులు చూపిస్తామా?"

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఫొటోలు చౌరస్తాలో కడుతున్నారా? అదీ ప్రజాధనమే."

"అది వేరండీ."

ఎలా వేరో ఆయన చెప్పక్కర్లేదు. నాకు తెలుసు. ఆపరేషన్ చేయించుకున్నవాడు పాపి కాడు. వీళ్లు పాపులు. మొక్కు తీర్చుకున్నవాడు గుండు చూపించాలి, లేకపోతే కొండకు పోయివచ్చాడని ఎవరు నమ్ముతారు? ప్రాయశ్చిత్తమనే రోగాన్ని గుడిలోంచి తెచ్చి సర్కారు పథకంలో పెట్టుకున్నాం. బియ్యం ఇస్తే సంచి మీద ముఖం, బడి కడితే గోడ మీద ముఖం. మనిషిని బాగుచేస్తే ఆ మనిషి ముఖమే.

సభలో అన్న తెల్లబట్టల్లో మెరిసిపోయాడు. మైకు పట్టుకుని, "ఈళ్లందరు నా పోరగాళ్లే. చెడగొట్టింది నేనే అంటరు గద, బాగుచేసింది గూడ నేనే అని రాసుకోండ్రి" అన్నాడు. హాలంతా చప్పట్లు. అంత నిజాయితీగా ఆ వేదిక మీద ఇంకెవరూ మాట్లాడలేదు. మా వాడు శాలువా కప్పించుకుని, వంగి, ఆయన కాళ్లకు దండం పెట్టాడు. పక్కవాడు పెట్టాడు కాబట్టి పెట్టాడు.

మరునాడు ఫ్లెక్సీ చౌరస్తాలో లేచింది. నడుమ నిలువెత్తు అన్న, చేయి పైకెత్తి. కింద ఆయన బూట్ల చుట్టూ గుండ్రటి బిళ్లల్లో కుర్రాళ్ల ముఖాలు. గుర్తింపు కార్డు కోసమని తీసిన ఫొటోలే. పైన బంగారు రంగు అక్షరాలు: నేర ప్రవృత్తి వీడి సన్మార్గంలో నడుస్తున్న యువకులకు శుభాభినందనలు. మా వాడి బిళ్ల అన్న ఎడమ బూటును ఆనుకుని ఉంది. దాని కిందే కంపెనీ బస్సు ఆగేది.

మొదటి రోజు బస్సులో నవ్వులాటే. "ఏం తమ్మీ, హీరో అయినవ్ పో! సినిమా ఎప్పుడు రిలీజు?" అని ఒకడు. "జర మా దిక్కు సూడకు బిడ్డా, భయమైతాంది" అని ఇంకొకడు. మా వాడూ నవ్వాడట. రెండోరోజు అతని పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఆ తరువాత సూపర్‌వైజర్ పిలిచాడు. ఆ సంభాషణ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఏ కేసుల లోపలికి పోయినవ్?"

"నా మీద కేసే లేదు సార్."

"కేసు లేకపోతే ఫ్లెక్సీల ఎందుకేస్తరు?"

"సర్కారోళ్లు కోర్సు నేర్పిచ్చిండ్రు సార్."

"ఎవలకు నేర్పిస్తరు? నాకు నేర్పిచ్చిండ్రా?"

సూపర్‌వైజర్ తర్కంలో లోపం వెతికాను. దొరకలేదు. నేరం వీడాడని రాస్తే, చేశాడని రాసినట్టే. చేయనివాడు వీడలేడు. మంచి సామాను ఉన్న గోడౌన్, పై ఆఫీసు ఒప్పుకోదు, ఇగ రావద్దు అన్నాడట. పోతే పోనీ అనలేదు మా వాడు. ఫ్లెక్సీ తీయించుకుని వస్తే మళ్లీ చూస్తారా అని అడిగాడట. "ముందుగాల తీయించు" అన్నాడు సూపర్‌వైజర్. వదిలించుకోవడానికి సూపర్‌వైజర్ విసిరిన ఆ మాటను కుర్రాడు వాగ్దానంగా పట్టుకుని వచ్చాడు.

తీయించడానికి తిరిగాం. నేను, తల్లి, అతను. కార్యదర్శి చేతులు నలుపుకున్నాడు. "తనిఖీ అయ్యేదాకా ఉండాలండీ. ఎన్ని ముఖాలు చూపించామో అన్నీ కనబడాలి." మున్సిపాలిటీలో ఒకాయన ఫొటో చూసి ఫోను వెనక్కి ఇచ్చేశాడు. "అన్న ఉన్నడు. నేను ముట్ట." ఫ్లెక్సీలు కట్టేవాడు తన ఆటో మీద కూర్చుని బీడీ తాగుతూ, "కట్టెటోన్ని నేను. ఇప్పెటోడు ఇంకా పుట్టలే మేడం" అన్నాడు.

చివరికి తల్లి అన్న దగ్గరికే వెళ్దామంది. నేను వద్దన్నాను. "మరి మీ చట్టం దగ్గరికి పోదామా టీచరమ్మా? ఏ దిక్కున్నదది?" అంది. వెళ్లాం.

అన్న మంచిగానే మాట్లాడాడు. టీ తెప్పించాడు. "అక్కా, దించితే అవతలోళ్లు ఏమంటరు? అన్నను దించిండ్రు అంటరు. గణపతి దాక ఉండనీ, అటెన్క సూద్దాం." తరువాత కుర్రాడి భుజం మీద చేయి వేసి, "నౌకరి పోతే పోయిందిరా. నేన్లేనా?" అన్నాడు. ఆ చేయి అక్కడే ఉంచాడు, టీ అయ్యేదాకా.

మరునాడు మధ్యాహ్నం నేను చౌరస్తాలో బుద్వేల్ వైపు పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫ్లెక్సీలు కట్టేవాడు హోటల్లో అన్నం తింటున్నాడు. అతని ఆటో మీది వెదురు నిచ్చెన దించి మా వాడు స్తంభానికి ఆనించాడు. జేబులో బ్లేడు. నేను రోడ్డు దాటేలోపే పైకి ఎక్కేశాడు.

అన్నను ముట్టుకోలేదు. నేను చూశాను, ఎక్కడైనా చెప్తాను. తన బిళ్ల అంచు వెంట, గాజు పెట్టె ఎత్తినంత జాగ్రత్తగా, గుండ్రంగా కోసుకుంటూ వచ్చాడు. పక్క కుర్రాళ్ల ముఖాలకు కూడా బ్లేడు తగలనివ్వలేదు. మొత్తం కోశాక ఆ ముక్కను లాగాడు. బూటు దగ్గర ఇంకా ఒక పోగు అతుక్కుని ఉంది. గాలి వచ్చింది. చీలిక బూటు నుంచి మోకాలికి, మోకాలి నుంచి పొట్టకు, పొట్ట నుంచి ఎత్తిన చేతి చంక దాకా ఒక్క ఊపున పోయింది. అన్న రెండుగా తెరుచుకుని చౌరస్తా మీద ఊగాడు.

"అన్నను చింపిండ్రో!" అని ఎవడో అరిచాడు. ఎంత ఆనందంగా అరిచాడో! పదిమంది ఫోన్లు తీశారు. మా వాడు తన ముఖం చేతిలో పట్టుకుని, నిచ్చెన మీద, కిందికి ఎలా దిగాలో తెలియక నిలబడ్డాడు. దిగగానే కొట్టారు. దెబ్బల మధ్య కూడా ఆ ముక్క వదల్లేదు.

సాయంత్రానికి అతని మీద కేసు. పుట్టిన తరువాత మొదటిది. నేరం నుంచి మళ్లించే పథకం ఆ రోజుకు నిజంగా ఒక నేరస్థుణ్ని సంపాదించుకుంది.

ఠాణాలో నేను చట్టం మాట్లాడాను. ఫ్లెక్సీకి అనుమతి ఉందా, అతని ఫొటో వేయడానికి అతని ఒప్పుకోలు ఉందా అని అడిగాను. ఎస్సై చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. "మేడం, మీరు చెప్పింది మొత్తం కరెక్టే. మీరు చదివిన చట్టమే నేను గూడ చదివిన. ఇగ ఫిర్యాదు ఎవలిచ్చిండ్రో సూడుండ్రి, ఏ ఊరి చట్టమో మీకే తెలుస్తది" అన్నాడు. మూలన నేల మీద కూర్చున్న మా వాడి పెదవి వాచి ఉంది.

అన్న ఫోను చేశాడు. ఎస్సై ఫోనును తల్లికి ఇచ్చాడు. ఆమె ఫోనును చెవి దగ్గర పెట్టుకోలేదు. ముందు దానికి రెండు చేతులా దండం పెట్టింది. "బాంచెన్, పోరడు ఎరుకలేక..." అంటూ ఏడ్చింది. అవతల అన్న ఏమన్నాడో స్పీకర్లో అందరం విన్నాం. "ఏడువకక్కా. మనోడే గద. ఇంటికి తోలియ్యమని చెప్పిన. కేసైతే ఉండనీ, గది పెట్టకపోతే అవతలోళ్లు నవ్వుతరు. నేను సూసుకుంటా. రేపటి సంది పోరన్ని నా కాడికి పంపు."

వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఏదో అనబోయాను. తల్లి చేయి అడ్డం పెట్టింది. "టీచరమ్మా, నువ్వు మంచిదానివే. నీ మాటలు ఇనే నా కొడుకు షెడ్డు ఇడిసిపెట్టి డ్యూటీకి పోయిండు. డ్యూటీకి పోకపోతే ఫ్లెక్సీ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే ఉండె. ఇగ చాలు."

ఆమె అన్నది తప్పు కాదు. అయినా ఆ సర్కారు సొమ్ము వద్దని నేను ఈనాటికీ అనను. అధ్యక్షుడు మెట్ల దగ్గర ఆపి, "ఏమాయె మేడం, మీ కోర్సు?" అని అడిగితే, కోర్సు బాగానే ఉంది, చెడగొట్టింది సన్మానమని చెప్పాను. కుర్రాడికి బండి నేర్పి, పని చూపించి, నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇచ్చినట్టు ఎవరికీ తెలియకుండా ఇవ్వడం మన సర్కార్లకూ సంఘాలకూ చేతకాదు. దాచిపెట్టాల్సినదాన్ని చౌరస్తాలో కడతారు, చౌరస్తాలో పెట్టాల్సిన లెక్కలు దాచిపెడతారు. అధ్యక్షుడు ఇదంతా విని, "నేను ముందుగాలే చెప్పిన గద" అన్నాడు. తను ఏం చెప్పాడో ఆయనకు గుర్తులేదు. గెలిచినట్టు మాత్రం ఉంది.

తనిఖీకి వచ్చినవాళ్లు ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లారు. అప్పటికి చిరుగు కుట్టేశారు. అన్న పొట్ట మీద ఒక నల్లటి దారం గీత. మా వాడు కోసుకుపోయిన రంధ్రంలో మరో కుర్రాడి ముఖం అతికించారు. తనిఖీ వేళకు ముఖాలు తక్కువ కాకూడదు కదా. ఆ కుర్రాడు పథకంలో చేరినవాడే కాదు. వేరే సభలో వలంటీరుగా కుర్చీలు వేసినప్పటి ఫొటో సంస్థ దగ్గర ఉందట. కార్యదర్శికి ఫోను చేసి అడిగితే, "తాత్కాలికంగానండీ" అన్నాడు. మా వాడి సంగతి కూడా తనే చెప్పాడు, సంతోషంగా. "మన అబ్బాయికి ఉపాధి దొరికిందట కదండీ. రిపోర్టులో రాశాం."

ఉపాధి నిజమే. ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన చేతికి జేసీబీ ఎంతలో వస్తుంది. అన్న ఒకటి కొన్నాడు. ఇదివరకు అవతలివాళ్ల గోడ కూల్చాలంటే కుర్రాళ్లు గడ్డపారలతో తిప్పలు పడేవాళ్లు, దెబ్బలు తినేవాళ్లు. ఇప్పుడు మావాడు ఒక్కడే వెళ్లి, క్యాబిన్‌లో కూర్చుని, నిమ్మళంగా కూల్చేసి వస్తాడు. బాగా నడుపుతాడని పేరు. సర్కారు నేర్పింది కదా.

గణపతిని కూర్చోబెట్టే రోజుల్లో ఒక పొద్దున అదే చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. అన్న ఈ ఏడు లక్షలు పలికే బాలాపూర్ లడ్డుతో పోటీపడే వేలం పెడతాడని మైకు మోగుతోంది. పసుపుపచ్చ జేసీబీ వచ్చి నా పక్కన ఆగింది. మావాడు క్యాబిన్‌లోంచి వంగాడు. కాస్త ఒళ్లు చేశాడు. చేతికి కడియం.

"మేడం, ఏడికి? ఎక్కుండ్రి, ఎయిర్‌పోర్టు గేటు కాడ దించుత."

"దీంట్లోనా?"

"ఏమైతది? గోడలే గాదు, మనుషులను గూడ లేపుతది."

అతని వెనక ఇరుక్కుని ఇంకో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. కొత్తవాడు. ఎక్కడో చూసిన ముఖం. తల ఎత్తితే ఫ్లెక్సీ కనబడింది, అన్న బూటు పక్కన బిళ్ల కనబడింది. మళ్లీ కుర్రాడి వైపు చూశాను.

"గుర్తువట్టిండ్రా? నా జాగల అతికిచ్చిండ్రు గద, గా పోరడే" అన్నాడు మావాడు నవ్వుతూ. "ఏదో దుకాణంల పని చేస్తుండె. సేటు ఫ్లెక్సీ సూసి తీసేసిండు. ఫ్లెక్సీ దించుతనని నిచ్చెన దేవులాడుతుండె, పిచ్చోడు. నేనే ఆపిన. బ్లేడు గిట్ల పెట్టుకోకురా, సీదా వచ్చి బండెక్కు అని చెప్పిన."

నేను ఎక్కనని చేయి ఊపాను, కుర్రాడు నాకు నమస్తే పెట్టాడు. మావాడు గేరు వేసి, బకెట్ పైకెత్తి, గాజు పెట్టె ఎత్తినంత నెమ్మదిగా బండిని తిప్పి ప్లాట్ల వైపు తీసుకుపోయాడు.